నీళ్లలో నాని తుప్పుపట్టిన రైలింజను నమూనా మళ్లీ నడుస్తుందా?

ప్రశ్న: నా హెచ్‌ఓ (1:87, అంటే అసలు రైలులో 87వ వంతు సైజు) నమూనా ఇంజను నీళ్లలో నానిపోయింది. ఇరుసులు తుప్పుపట్టాయి, మోటారు బిగుసుకుంది. ఒకసారి కరెంటు ఇచ్చి చూడనా?

జవాబు: వద్దు, దయచేసి వద్దు! బిగుసుకున్న మోటారుకు 12 వోల్టులు ఇస్తే తీగచుట్ట కాలిపోవచ్చు. ముందు విప్పండి. ఉక్కు ఇరుసులు, మరలు మాత్రమే వెనిగర్‌లో నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, కడిగి వెంటనే ఆరబెట్టండి. చట్రం జింకు మిశ్రమమైతే వెనిగర్ దాన్ని తినేస్తుంది.

మరొకరు: చట్రం ఉబ్బి పగిలితే అది తుప్పు కాదు, జింకులోని మలినాలు తెచ్చే జబ్బు. దానికి మందు లేదు. కమ్యుటేటర్‌ను (మోటారు తీగచుట్టకు కరెంటు అందించే రాగి భాగం) ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో రాగి మెరిసేదాకా తుడవండి. రంగుకు తగలనివ్వకండి.

అడిగినవారు: విప్పాను. మోటారు వేలితో తిప్పితే తిరుగుతోంది! నూనె ఎంత?

జవాబు: బేరింగులకు సూదిమొనతో ఒక్కో చుక్క. కమ్యుటేటర్ మీద అసలు పడకూడదు.