క్లోటిల్డా ఓడలో వచ్చినవాళ్ల గురించి ఎవరికైనా తెలుసా?

ప్రశ్న: ఆఫీసు పని మీద అమెరికాలో అలబామా రాష్ట్రంలోని మొబైల్ నగరానికి వచ్చాను. ఆఫ్రికాటౌన్ హెరిటేజ్ హౌస్ అనే మ్యూజియానికి వెళ్లాను. నీళ్ల తొట్టెల్లో క్లోటిల్డా అనే బానిసల ఓడ చెక్కముక్కలు పెట్టారు. వాటి ముందు నుంచి కదల్లేకపోయాను. బానిసల దిగుమతిని 1808లోనే నిషేధించారు కదా, 1860లో ఓడ ఎలా వచ్చింది?

జవాబు 1: దొంగతనంగానే అండీ. టిమోతీ మెహర్ అనే ధనవంతుడు పందెం కాసి మరీ తెప్పించాడంటారు. దాదాపు 110 మంది ఆఫ్రికన్లని దించేసి, సాక్ష్యం లేకుండా ఓడని తగలబెట్టారు. దొరికిన శిథిలం క్లోటిల్డాదే అని 2019లో గానీ ఖాయం కాలేదు.

జవాబు 2: బానిసత్వం నుంచి విడుదలయ్యాక వాళ్లు ఆఫ్రికాకి తిరిగెళ్దామనుకున్నారు, ఛార్జీలకి డబ్బు చాలలేదు. మెహర్‌ని భూమి అడిగితే ఊరికే ఇవ్వనన్నాడు. (ఎంత పొగరు!) కూలి డబ్బు కూడబెట్టి కొనుక్కున్నారు. వాళ్లలో ఒకడైన కుడ్జో లూయిస్ 1872లో 100 డాలర్లకి రెండెకరాలు కొన్నాడు. అసలు పేరు కొసోలా. 1935లో పోయాడు.

జవాబు 3: మటిల్డా మెక్రియర్‌ని మర్చిపోకండి. రెండేళ్ల పిల్లగా తల్లితో అదే ఓడలో వచ్చింది. 1931లో, డెబ్బై దాటాక, పరిహారం అడగడానికి అలబామాలోనే ఉన్న సెల్మా ఊరి కోర్టుకి పదిహేను మైళ్లు నడిచింది. జడ్జి కుదరదన్నాడు. 1940లో చనిపోయింది.

ప్రశ్న అడిగినవారు: 1940 అంటే మా తాతయ్య పుట్టిన ఏడు. ఇదేదో పాత కథ అనుకున్నానండీ.