పుట్టుకతో వచ్చిన బుద్ధి ఫైటర్‌కి అతుకుతుందా?

ప్రశ్న: డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, కల్పిత పాత్రలతో కథ నడిపే ఆట) ఆడేవాళ్లు గుంపులో ఉన్నారని తెలిసి అడుగుతున్నాను. కొత్తగా చేరినవాళ్లు ఫైటర్‌ని, అంటే యోధుడి పాత్రని, తయారుచేసుకుంటూ ఏ జాతి తీసుకోవాలని అడిగితే, ఒకాయన "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు, కొట్లాటకి ఆర్క్‌నే తీసుకోండి" అన్నారు. ఆర్క్ అంటే ఆటలో ఉన్న బలిష్ఠమైన జాతి. సామెత ఇక్కడ సరిపోయిందంటారా?

జవాబు: సగం సరిపోయిందండి.

సామెత మాట్లాడేది బుద్ధి గురించి. ఆటలో జాతి ఇచ్చేవి చాలావరకు ఒంటికి సంబంధించినవి: చీకట్లో చూపు, విషాన్ని తట్టుకోవడం, ఒడ్డూ పొడుగూ. ఆర్క్ అయినంత మాత్రాన కోపిష్టి కావాలని ఇప్పటి నియమాల్లో ఎక్కడా లేదు. మీ ఆర్క్ ఫైటర్ నెమ్మదస్తుడైనా ఎవరూ కాదనరు. అందుకని 'బుద్ధి'ని పక్కనపెట్టి, 'పోదు' అన్న మాటను పట్టుకుందాం. పుట్టుకతో వచ్చినవాటిలో చివరిదాకా నిలిచేది ఏది, కొన్నాళ్లకి తేలిపోయేది ఏది? ఫైటర్‌కి జాతి ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం.

తేలిపోయేది బలం. 2014లో వచ్చిన నియమాల్లో పర్వత డ్వార్ఫ్‌కి (పొట్టిగా, దిట్టంగా ఉండే జాతి) బలంలో 2, దేహదారుఢ్యంలో 2 పుట్టుకతోనే కలుస్తాయి. మొదటి లెవెల్లో అది పెద్ద వరమే. కానీ ఆ అంకెలు మామూలుగా 20 దాటవు. వాటిని పెంచుకునే అవకాశాలు అందరికన్నా ఫైటర్‌కే ఎక్కువ: 4, 6, 8, 12, 14, 16, 19 లెవెళ్లలో మొత్తం 7 సార్లు. మిగతా క్లాసుల్లో, అంటే పాత్రల వృత్తుల్లో, చాలావాటికి వచ్చేది 5 సార్లే. తక్కువ బలంతో మొదలైనవాడు కూడా ఆ తేడాను పూడ్చుకోగలడు. ఇక్కడ సామెత కన్నా "సాధనమున పనులు సమకూరు ధరలోన" అన్న వేమన మాటే నిజం.

సాధనతో రానివి వేరే ఉన్నాయి. ఆర్క్ ప్రాణం సున్నాకి పడిపోయే దెబ్బ తిన్నప్పుడు 1 దగ్గర నిలబడగలడు. పూర్తి విశ్రాంతి తీసుకునేలోపు ఒక్కసారే, అయితేనేం, అందరికీ ముందు నిలబడి దెబ్బలు కాసేవాడికి ఆ ఒక్కసారే పోరు గతిని మార్చేస్తుంది. ఎన్ని లెవెళ్లు ఎక్కినా ఫైటర్ క్లాసు ఆ గుణాన్ని ఇవ్వదు. అది పుట్టుకతో రావాలి, వస్తే పోదు. సామెత చెప్పినాయన ఆర్క్‌ని తీసుకోమన్నది ఇందుకైతే నేనూ ఆయన పక్షమే.

ఇంకొకరు: మరి హాఫ్‌లింగ్ జాతి? పొట్టివాడు ఫైటర్ ఏంటని మా బల్ల దగ్గర ఒప్పుకోరు.

జవాబు: ఒప్పుకోకపోవడం అన్యాయమండి. హాఫ్‌లింగ్‌కి 20 ముఖాల పాచిక మీద 1 పడితే మళ్లీ వేసుకునే అదృష్టం ఉంది. ఆ పాచికను ఫైటర్ వేసినన్నిసార్లు ఇంకెవరు వేస్తారు? 11వ లెవెల్లో ఒక్క దాడికి మూడు దెబ్బలు, యాక్షన్ సర్జ్ (ఇంకో దాడికి అవకాశమిచ్చే ఫైటర్ శక్తి) వాడితే ఒకే వంతులో ఆరు. ఆరు పాచికల్లో ఎక్కడ 1 పడినా రెండో అవకాశం ఉంటుంది. 2014 నియమాల్లో చిన్న ఒంటివాళ్లకి భారీ ఆయుధాలు సరిగా కుదిరేవి కావు, ఆ ఇబ్బంది నిజమే. 2024లో వచ్చిన కొత్త నియమాల పుస్తకంలో అది ఒంటి కొలతను బట్టి కాకుండా అంకెను బట్టి మారింది. బలం 13 ఉంటే హాఫ్‌లింగ్ కూడా పెద్ద కత్తి ఇబ్బంది లేకుండా తిప్పొచ్చు.

సామెత అక్షరాలా అమలైన రోజులూ ఉన్నాయి. 1974లో వచ్చిన మొదటి నియమాల్లో డ్వార్ఫ్ యోధుడు 6వ లెవెల్ దాటడానికి లేదు, హాఫ్‌లింగ్ 4 దగ్గరే ఆగిపోవాలి. ఎన్ని యుద్ధాలు గెలిచినా అంతే. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌తో ఆ కట్టడి పోయింది. నాకైతే ఆట చరిత్రలో వచ్చిన అతి మంచి మార్పుల్లో అదొకటి.

మరొకరు: 2024లో 'రేస్' తీసేసి 'స్పీషీస్' అన్నారు కదా, మనం ఏమనాలి?

జవాబు: జాతి అనే అనొచ్చు. చెట్టుకీ పిట్టకీ మనిషికీ ఒకే మాట వాడే భాష మనది, రెండూ అందులోనే ఇముడుతాయి. 'పర్వత డ్వార్ఫ్' లాంటివాటిని ఉపజాతులంటే మాత్రం మన గుంపులో చాలామందికి ముందు ఆటవెలది, తేటగీతి గుర్తొస్తాయి!

పేరు కన్నా పెద్ద మార్పు ఇంకోటుంది. ఆ పుస్తకంలో బలం వంటి అంకెల పెంపు జాతి నుంచి తీసి బ్యాక్‌గ్రౌండ్‌కి ఇచ్చారు, అంటే మీ ఫైటర్ సాహసాలకి బయల్దేరక ముందు ఏం చేసేవాడో దానికి. కాబట్టి కొత్తవాళ్లు ముందు డీఎంని (ఆట నడిపించే వ్యక్తిని) ఏ పుస్తకంతో ఆడుతున్నారో అడగాలి. 2014 అయితే అంకెలు కూడా చూసుకోక తప్పదు. 2024 అయితే బలం సంగతి బ్యాక్‌గ్రౌండ్‌కి వదిలేసి, చీకట్లో చూపు కావాలా, పడకుండా నిలబడే మొండితనం కావాలా, పాచిక మీద అదృష్టం కావాలా అన్నది తేల్చుకుంటే జాతి దానంతటదే తేలుతుంది.