వాషింగ్ మెషీన్ నీళ్లు ఆపగానే గోడలో దబ్‌మంటోంది, ఎందుకు?

ప్రశ్న:
మెషీన్ నీళ్లు పట్టుకుని ఆపిన ప్రతిసారీ గోడలో ఒక్క గుద్దు. అదే లైనులో కుళాయి చేత్తో కట్టేస్తే ఏ చప్పుడూ ఉండదు. లైను అరంగుళం సీపీవీసీ (ప్లాస్టిక్ పైపు), 12 మీటర్లు. ప్రెషర్ పంపు పెట్టించాక మొదలైంది. పైపు పగులుతుందా?

జవాబు 1:
ఇది వాటర్ హ్యామర్ అండీ. మెషీన్‌లోని సొలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది) చటుక్కున మూసుకుంటుంది. పరుగు మీదున్న నీరు ఆగిపోయి, ఆ ఊపంతా ఒత్తిడిగా మారి అలలా వెనక్కి పోతుంది. ఆ ఒత్తిడికి 1898లో మాస్కోలో రష్యన్ శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ ఇచ్చిన లెక్కే ఇప్పటికీ వాడతాం: నీటి సాంద్రత × అల వేగం × నీటి వేగం. నిమిషానికి 10 లీటర్లు పోతుంటే మీ పైపులో నీటి వేగం సెకనుకు 1.4 మీటర్లు, అల వేగం సుమారు 500 మీటర్లు. అంటే 7 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). జీఐ (జింకు పూత ఇనుప) పైపు అంతగా సాగదు కాబట్టి అందులో అల 1,300 మీటర్ల వేగంతో పోతుంది, దెబ్బ 18 బార్ దాటుతుంది.

అల వెళ్లి తిరిగొచ్చేలోపు వాల్వు పూర్తిగా మూసుకుంటేనే ఇంత దెబ్బ. మీ లైనుకి ఆ వ్యవధి సెకనులో ఇరవయ్యో వంతు. చేత్తో అంత త్వరగా కట్టలేం, అందుకే కుళాయి దగ్గర చప్పుడు లేదు.

జవాబు 2:
ఒకటి గమనించండి. మీకు వినిపించేది పైపు ఎగిరి గోడకి కొట్టుకునే చప్పుడు. మూడడుగులకో క్లాంపు బిగిస్తే చప్పుడు పోతుంది గానీ ఒత్తిడి అలాగే ఉంటుంది. పైపు ఒక్కరోజులో పగలదు. రోజూ దెబ్బలు తిని ముందు కారేది మర తిప్పి బిగించే జాయింట్లు, మెషీన్ హోసు వాషరు.

ముందు మెషీన్ వెనకున్న యాంగిల్ కాక్ (హోసు తగిలించే కుళాయి) సగం కట్టి చూడండి. నీటి వేగం సగమైతే దెబ్బా సగమే. మెషీన్ నిండడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. మరీ బిగిస్తే నీళ్లు రావట్లేదని ఎర్రర్ చూపిస్తుంది. అప్పటికీ తగ్గకపోతే హోసు మొదట్లోనే అరెస్టర్ (ఈ దెబ్బని లోపలి గాలితో మింగేసే చిన్న పరికరం) పెట్టించండి. దూరంగా పెడితే పెద్దగా ఫలితం ఉండదు. లైనులో టీ ఆకారపు జాయింటు వేసి అడుగు పొడవు పైపు నిలబెట్టి మూత వేసే పాత పద్ధతీ పనిచేస్తుంది. కాకపోతే అందులోని గాలి మెల్లగా నీళ్లలో కలిసిపోతుంది, అప్పుడప్పుడూ లైను ఖాళీ చేయాలి.

ప్రశ్న వేసినవారు:
కాక్ సగం కట్టాను, గుద్దు బాగా తగ్గింది. గీజరు నీళ్లు వదిలినప్పుడు వచ్చే టిక్ టిక్ కూడా ఇదేనా?

జవాబు 1:
కాదండీ, అది పైపు సాగడం. 3 మీటర్ల సీపీవీసీ 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. క్లాంపు బిగుతుగా ఉంటే పట్టుకుని, జారి, మళ్లీ పట్టుకుంటుంది. వేడినీళ్ల లైనుకి క్లాంపులు కాస్త వదులుగా, లోపల రబ్బరు పట్టీతో వేయించండి.