సమస్య: భర్త చావగ బందెమ్ము భార్య గెలిచె

ఈసారి ఇచ్చింది తేటగీతి పద్యం నాలుగో పాదం, మిగతా మూడు పాదాలు రాసి పద్యం పూరించాలి. సీరియల్ కథ ఎటు తిరుగుతుందోనని పందేలు కట్టుకోవడం ఇతివృత్తం. పాదం వినగానే ‘ఇదేం మాట’ అనిపించాలి, పద్యం పూర్తయ్యాక ఆ ఉలికిపాటు పోవాలి. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. ప్రాస అక్కర్లేదు. నిజమైన చావుతో మాత్రం పూరించవద్దు.

మొదటి పూరణ

మగడు బతుకును దప్పక మామ యనగ
కథను జదివిన కోడలు కాదటంచు
సీరియలు నేటి భాగాన శీఘ్రముగను
భర్త చావగ బందెమ్ము భార్య గెలిచె

*విమర్శ:* గణాలు, యతులు సరిపోయాయి. అన్వయం దగ్గర చిక్కు వచ్చింది. పందెం కట్టింది కోడలు, గెలిచింది భార్య. ఆమె కూడా ఎవరికో భార్యే కదా అంటే ఒప్పుకోవచ్చు గానీ, పాఠకుడు అంతదూరం వెతుక్కోకూడదు. ‘కోడలు’ తీసి ‘యిల్లాలు’ పెట్టండి, గణం చెడదు. ‘శీఘ్రముగను’ పాదం నింపడానికి వచ్చిన మాట. ‘సీరియలు నేటి భాగాన జివరియందు’ అంటే సీ-జి యతి కుదురుతుంది, ఆ రోజు భాగం ఆఖర్లో వచ్చే టెన్షన్ కూడా అందులోకి వస్తుంది.

‘కథను జదివిన’ అన్న మాట చాలా నచ్చింది. సీరియల్‌కు ఆధారమైన నవలను ఆమె ముందే చదివింది. ఆ పుస్తకం మామగారికీ దొరుకుతుంది, చదవకపోవడం ఆయన ఇష్టం. ఇలాంటి గెలుపును తప్పుపట్టలేం.

రెండవ పూరణ

తెరను నడచెడు రాజుల కథను జూచి
యాలుమగలొడ్డి రిరువురు నధిక ధనము
వేచి చూడగ విషమున వేగ భూమి
భర్త చావగ బందెమ్ము భార్య గెలిచె

*విమర్శ:* మూడో పాదం చివర ‘భూమి’ని నిలబెట్టి, భర్తను భూమిభర్తగా, అంటే రాజుగా మార్చేశారు. విరుపు అంటే ఇలా ఉండాలి. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది, తె-క కు మైత్రి లేదు. ‘రాజుల తీరు జూచి’ అంటే సరిపోతుంది.

*ఒక సభ్యురాలు:* గురువుగారూ, ఈ పద్యం చదవగానే నాకు రాజ్యాల పోరు మీద నడిచే ఇంగ్లీషు టీవీ సీరియల్ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ పందేలు గుర్తొచ్చాయి. చివరికి సింహాసనం ఎవరిదని లోకమంతా పందేలు కాసింది. దానికి ఆధారమైన నవలల వరుస అప్పటికి పూర్తికాలేదు, కాబట్టి చదివి తెలుసుకునే దారి ఎవరికీ లేదు. అయినా 2019 మే 19న చివరి భాగం రాకముందే పందేల్లో బ్రాన్ అనే పాత్ర పేరు ఫేవరెట్ అయిపోయింది. చివరికి రాజైందీ అతనే. లోపలి మాట బయటికి పొక్కిందని అప్పట్లో చాలామంది అనుకున్నారు.

*జవాబు:* మంచి సంగతి చెప్పారమ్మా. తర్వాతి పూరణ సరిగ్గా ఆ లోపలి మాట గురించే.

మూడవ పూరణ

నటుడు తన పాత్ర చచ్చుట నాతి కెరుగ
జెప్పె ముందుగ షూటింగు సేసి వచ్చి
కనుల నీరొల్క జూపరుల్ గాంచుచుండ
భర్త చావగ బందెమ్ము భార్య గెలిచె

*విమర్శ:* అద్భుతం. ఇక్కడ భర్త నిజంగా భర్తే, భార్య నిజంగా భార్యే, అయినా ఎవరూ చనిపోలేదు. అర్థాన్ని మెలితిప్పకుండానే పాదం ఇమిడిపోయింది. ‘షూటింగు సేసి’ అనడంలో ఇంగ్లీషు మాటకు తెలుగు సంధి చక్కగా అతికింది, యతీ కుదిరింది. మూడో పాదం పద్యానికి ప్రాణం. అందరూ ఏడుస్తున్నారు, ఒక్క మనిషి మాత్రం డబ్బు లెక్కపెట్టుకుంటోంది.

*మరో సభ్యుడు:* పద్యం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ‘గెలిచె’ అన్న మాట నాకు మింగుడు పడటం లేదు. ఫలితం తెలిసిన మనిషి పందెం కడితే అది గెలుపెలా అవుతుంది? అవతలివాడి జేబులో చెయ్యి పెట్టడమే.

*జవాబు:* మీరన్నదే అధికారులూ అన్నారు. ‘డాలస్’ అనే అమెరికా టీవీ సీరియల్‌లో జె.ఆర్. అనే ముఖ్యపాత్రను ఎవరు కాల్చారన్న ప్రశ్నను 1980 మార్చిలో గాలిలో వదిలేసి, జవాబును నవంబర్ 21న చూపించారు. ఈ మధ్యకాలమంతా పందేలు. అక్కడి నెవాడా రాష్ట్రంలో ఒక కేసినో (జూదశాల) ఈ పందేనికి దిగితే జూద నియంత్రణ అధికారులు ఆపించారు. జవాబు అప్పటికే ఎవరికో ఒకరికి తెలుసు కదా, అదీ అభ్యంతరం. నిర్మాతలు కూడా గుట్టు కాపాడటానికి చాలామంది నటుల చేత కాల్పుల దృశ్యం తీయించారు. అంత జాగ్రత్త పడాల్సి వచ్చిందంటేనే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. గుర్రం ఇంకా పరుగెత్తలేదు, దాని గెలుపు ఎవరికీ తెలియదు. పాత్ర చావు అలా కాదు, కాగితం మీద ఎప్పుడో అయిపోయింది.

*అదే సభ్యుడు:* అయితే నా మాట ఆటవెలదిలో చెబుతాను. సమస్యాపాదం లేదు కాబట్టి పోటీలో లెక్కించకండి.

రాసి ముగిసినట్టి రాతపై పందెమా
పడని పాచికైన బాగు గాదె
తెలిసి యాడువాడు తెలియని వానితో
నాడినట్టి దాట యగుట యెట్లు

*విమర్శ:* ధార బాగుంది, ‘రాసి-రాత’ సహజంగా వచ్చాయి. రెండో పాదం మీద ఒక్క ప్రశ్న. శకుని చేతిలోని పాచికకు ఈ మాట వర్తిస్తుందా? అది పడకముందే పడినట్టే కదా. ‘పడని పాచిక’ అన్నప్పుడు మోసం లేని పాచిక అని మేం ఊహించుకోవాల్సి వస్తోంది. ఆ ఊహకు పద్యంలో చిన్న ఆధారమైనా ఉండాలి.

*మూడవ పూరణ రాసినావిడ:* గురువుగారూ, ఈ చర్చ చూశాక నా పద్యంలోని భార్య మీద నాకే జాలి పోయింది. ఆమెకు రహస్యం తెలియనట్టు మార్చమంటారా?

*జవాబు:* వద్దమ్మా, ఒక్క అక్షరం కూడా కదిలించకండి. తెలియదంటే అది మామూలు పందెం అయిపోతుంది, మూడో పాదంలోని కన్నీళ్లకు పని ఉండదు. మీరు ఆమెను మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. చేసింది చేసినట్టు చూపించారు. ఈ వారం మొదటి స్థానం మీ పూరణదే. యతి సరిచేసిన రెండవ పూరణ ఆ తర్వాత.