‘వాళ్ళకి మాటల్లేవు’: కథలో ఈ వాక్యం చేసే పని

రాజోలు నుంచి:
కథలో ‘అన్నదమ్ములు మాట్లాడుకోవడం లేదు’ అంటే ఒకలా, ‘అన్నదమ్ములకి మాటల్లేవు’ అంటే ఇంకోలా వినిపిస్తోందండి. తేడా మన యాసలోదా, వ్యాకరణంలోదా? చివర్లో వాళ్ళని కలపాలంటే ఏది నప్పుతుంది?

పాలకొల్లు నుంచి:
వ్యాకరణంలోదేనండి. ‘మాట్లాడుకోవడం లేదు’లో ఆ పని మానుకున్న మనుషులు కనిపిస్తారు. ‘మాటల్లేవు’లో కర్త మాటలు. మనుషులు ‘కి’ వెనక్కి వెళ్ళిపోయారు, ‘వాళ్ళకి పొలం లేదు’ అన్నట్టే. తప్పెవరిదో వాక్యం చెప్పదు. ఊళ్ళో ఎవరి పక్షమూ పట్టనివాడు అనే మాట ఇది, కథ చెప్పే గొంతుకి అందుకే సరిపోతుంది. ‘మాట్లాడ్డం మానేశారు’ అన్నారంటే మాత్రం ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని పాఠకుడు అడుగుతాడు, జవాబు కథలో ఉండాలి.

బహువచనం వదలకండి. ‘మాటా పలుకూ లేదు’ అంటే మనిషి ఆ పూటకి మౌనంగా ఉందని. ‘మాటల్లేవు’ అంటే రాకపోకలు తెగాయని.

ముమ్మిడివరం నుంచి:
ఒక షరతు చేర్చాలి. ఒకప్పుడు మాటలున్నవాళ్ళకే ఇది చెల్లుతుంది. 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’లో రావుగారికీ, రైల్లో తారసపడ్డ ముష్టి మనిషికీ మధ్య దూరం ఎంతున్నా, ‘వాళ్ళకి మాటల్లేవు’ అనలేం. తెగడానికి ముందు ముడి ఉండాలి కదా.

శీర్షికగా మాత్రం ‘మాటల్లేవు’ ఒక్కటే పెట్టకండి. ‘పొగడ్డానికి మాటల్లేవు’ అనే అర్థమే ముందు తడుతుంది ఈ రోజుల్లో.

పాలకొల్లు నుంచి:
ఇక కలపడం. ‘మాట కలిపాడు’ అంటే ఒకడు తగ్గాడు. ‘మాటలు కలిశాయి’ అంటే ఎవరూ తగ్గలేదు. పంతాల కథకి రెండోదే మేలు, కానీ ఆ ముక్క రాసేసి ఊరుకుంటే కుదరదు, సంభాషణలో చూపించాలి. కొత్తగా రాసేవాళ్ళు పొరబడేది ఇక్కడే: పదేళ్ళ పంతం ఒక్క ‘అన్నయ్యా!’తో, రెండు కన్నీటి చుక్కలతో కరిగిపోతుంది. ఎవరూ నమ్మరు.

తెలుగు క్రియ చివర ఎదుటిమనిషిని చూపించక తప్పదు: వస్తావా, వస్తారా. అలిగినవాడికి రెండూ ఇబ్బందే. ‘నువ్వు’ అంటే పాత చనువు ఒప్పుకున్నట్టు, ‘మీరు’ అంటే పరాయిని చేసినట్టు. అందుకని మనిషి తగలని వాక్యం వెతుక్కుంటాడు: ‘రావడం ఎప్పుడో?’, ‘భోజనం అయినట్టేనా?’, ‘ప్రయాణం ఎక్కడికో?’ సగం కలిసిన మాటలంటే ఇవే. వీటికి ముందు మెట్టు మూడో మనిషి ద్వారా చెప్పించడం: ‘చెప్పవే మీ బాబాయికి’ అని, ఆ బాబాయి అరుగు మీదే కూర్చుని వింటూండగా.

గోదావరి డెల్టాలో ఇలా మాట కలపడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు. దాళ్వాలో, అంటే రెండో వరి పంటకి, వంతులవారీగా నీళ్ళొదిలినప్పుడు పై చేను వాడు బోదెకి (చేలకి నీరు తెచ్చే పిల్లకాలువకి) వేసిన కట్టు తీస్తేనే కింది చేనుకి నీరు. మొదటి వంతుకి పాలేరు చేత కబురు. తర్వాతి వంతుకి తనే గట్టు మీద నిలబడి, బోదెని చూస్తూ, ‘నీళ్ళు అందుతున్నట్టేనా?’ అంటాడు అన్న. నువ్వూ లేదు, మీరూ లేదు. తమ్ముడు ‘అందుతున్నాయిరా అన్నయ్యా’ అన్నాడా, కథ అక్కడ ఆపేయొచ్చు.

రాజోలు నుంచి:
కలవని కథైతే ‘అందుతున్నాయండి’ అనిపిస్తే చాలుననుకుంటా. కానీ మన వైపు కొట్టువాడికీ, పడవ సరంగుకీ, అల్లుడికీ అందరికీ ‘అండి’ అనేస్తాం. బయటి పాఠకుడికి అది మర్యాదలాగే కనిపించదా?

ముమ్మిడివరం నుంచి:
కనిపిస్తుంది, అందుకే ముందు కొలత చూపించాలి. కథ మొదట్లోనే, గొడవకి ముందు, తమ్ముడి నోట ‘ఒరే అన్నయ్యా’ అని ఒక్కసారైనా వినిపించండి. అది వినకపోతే చివరి ‘అండి’కి చలి ఎక్కదు. పొలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి (1891–1961) కథల్లో సంభాషణ చూడండి, ఎవరు ఎవరికి ఎంత దగ్గరో పిలుపుల్లోనే తెలిసిపోతుంది.

పాలకొల్లు నుంచి:
భార్యాభర్తల కథలో లెక్క తిరగబడుతుంది, జాగ్రత్త. మాటకి ముందు ‘ఏవండీ’, చివర ‘అండి’ అనే మనిషి, ఒక రాత్రి వంటింట్లోంచి ‘అన్నం వడ్డించి ఉంది’ అని ఊరుకుందనుకోండి. అక్కడ ‘అండి’ రాలిపోవడమే దూరం. మళ్ళీ కలపాలంటే తెల్లారి ఆ అండినే వెనక్కి తేవాలి, ‘కాఫీ చల్లారిపోతోందండీ’ అని, దీర్ఘంతో. దీర్ఘం తీసేస్తే ఇంకా కోపం తగ్గలేదని అర్థం.