సమస్యాపూరణం: కప్పఁ గని పాము భయమునఁ గంపమందె

నిర్వాహకుడు: తేటగీతి. ఊరి చెరువు కప్ప వద్దు. కొలంబియా పసిఫిక్ తీరపు వానకానల్లోని ఫిల్లోబేట్స్ అనే విషకప్పల ప్రజాతిని, ముఖ్యంగా అందులోని ఫిల్లోబేట్స్ టెర్రిబిలిస్‌ను తీసుకుని పూరించండి. శాస్త్రజ్ఞులు దాన్ని 1978లో వర్ణించారు.

కలువరేకు:
పసిఁడి చాయతో మెఱయుచు వానకాన
నడుమఁ గూర్చుండి చర్మాన నంజు నింపి
మేటి విషమున్న చిట్టిది మెదలకున్నఁ
గప్పఁ గని పాము భయమునఁ గంపమందె

నిర్వాహకుడు: ధార బాగుంది. ‘చిట్టిది’ సరిగ్గా పడింది, అది పెరిగేదే సుమారు 5 సెంటీమీటర్లు. ‘చర్మాన నంజు’ అసలు విషయం. బాట్రకోటాక్సిన్ అనే ఆ విషం నరాల్లో, కండరాల్లో సోడియం లోపలికి వెళ్లే దారులను మూసుకోనివ్వదు, గుండె లయ తప్పి ఆగిపోతుంది.

చిలకపలుకు:
కోఱలందున విషముంచి కోపగించు
చిట్టి పులియంచు నడవిలోఁ జెప్పుకొనఁగ
బుసలు చాలించి పడగను ముడుచుకొంచుఁ
గప్పఁ గని పాము భయమునఁ గంపమందె

కలువరేకు: మూడో పాదంలో బు–ము యతి చెల్లుతుందా అండీ?

నిర్వాహకుడు: చెల్లుతుంది. చెల్లనివి వేరే ఉన్నాయి. ఈ కప్ప కరిచి విషం ఎక్కించదు, కోరల మాటే లేదు. దక్షిణ అమెరికాలో పడగ విప్పే నాగుపామూ లేదు. మన పుట్టలోని పాము అంత దూరం పాకింది!

వేపచెట్టు:
ఊదు గొట్టపు బాణమ్ము నొక్కసారి
వీఁపుపై రుద్ది యెంబెరా వేఁటకాఁడు
వదలి చంపుట వినియుండె వనమునందుఁ
గప్పఁ గని పాము భయమునఁ గంపమందె

చిలకపలుకు: ఎవరి వీపు గురువుగారూ? వేటగాడు తన వీపే రుద్దుకున్నట్టుంది.

నిర్వాహకుడు: నిజమే. కొలంబియా ఆదివాసులైన ఎంబెరా వాళ్లు బాణం మొనను బతికున్న కప్ప వీపు మీద రాసేవారు. మొదటి రెండు పాదాలు ఇలా మార్చండి:
ఊదు బాణము మొనఁ గప్ప యొంటి నద్ది
వెంటఁ గొనిపోవు నెంబెరా వేఁటకాఁడు

అన్నట్టు, ఎరిత్రోలాంప్రస్ ఎపినెఫెలస్ అనే పాము వీటి పిల్లల్ని తినగలదు. దానికి ఈ సమస్య వర్తించదు లెండి.

తుమ్మెద:
గాజుపెట్టెలోఁ బుట్టినఁ గఱకు విషము
చీమలును లేక పెరిగిన జీవి కేది?
పేరు వినియున్న మాత్రాన బెదరిపోయి
కప్పఁ గని పాము భయమునఁ గంపమందె

నిర్వాహకుడు: ఈ చర్చలో నాకు నచ్చిన పూరణ ఇదే. పెంపకంలో పుట్టిన కప్పల్లో ఆ విషం ఉండదు, అడవి తిండి నుంచే వస్తుందంటారు. అయితే చీమలే కారణమని తేల్చలేం. ‘చిఱుపురుగు లేక పెరిగిన జీవి కేది’ అంటే గణాలూ యతీ చెడవు, శాస్త్రమూ ఒప్పుకుంటుంది.

తుమ్మెద: మార్చేశానండీ.