నలుపు తెలుపు గళ్ళలో ఆ వంపు రావడం లేదు, ఎలా గీయాలి?

బ్రిటిష్ చిత్రకారిణి బ్రిడ్జెట్ రైలీ 1961లో వేసిన ‘మూవ్‌మెంట్ ఇన్ స్క్వేర్స్’ చిత్రాన్ని నేర్చుకోవడం కోసం వేసి చూస్తున్నాను. చదరంగం బల్లలా నలుపు, తెలుపు గళ్ళు, అంతే. అన్ని గళ్ళ ఎత్తూ ఒకటే. వెడల్పు మాత్రం మధ్య దాటాక కుడివైపు ఒకచోటికి వచ్చేసరికి సన్నబడి గీతలా అయిపోతుంది, మళ్ళీ పెరుగుతుంది. ఆ చోట బోర్డే లోపలికి ముడుచుకుపోయినట్టు ఉంటుంది. నీడలు లేకుండా, వెడల్పు ఒక్కదానితో అంత లోతు ఎలా వచ్చిందా అని రోజూ అదే ఆలోచన.

నాది మాత్రం చదునుగానే ఉంది. 60 సెం.మీ. ఎండీఎఫ్ చెక్క మీద 50 మి.మీ.తో మొదలుపెట్టి, ఒక్కో గడికి 5 మి.మీ. చొప్పున తగ్గించాను. గళ్ళు ఇరుకైనట్టు కనిపిస్తున్నాయి తప్ప వంపు లేదు. గుండ్రటి స్తంభం మీద గళ్ళు అంచు దగ్గర నలిగినట్టు, మొదట నెమ్మదిగా, చివర్లో గబగబా తగ్గించాలా? దానికి కొసైన్ లెక్క వాడొచ్చా? లేక కాగితం మీద చిన్న నమూనాలు వేసుకుని కంటితోనే తేల్చుకోవాలా?

ఇంకో ఇబ్బంది: మాస్కింగ్ టేప్ తీశాక నల్ల అక్రిలిక్ తెల్లగడిలోకి పాకింది. అంచు కాస్త చెదిరినా భ్రమ పోతోంది. టేప్ మీద ముందు తెల్లరంగే ఒక పూత వేస్తే ఆగుతుందా? పైగా నలుపు మెరుస్తోంది, లైటు పడితే బూడిదరంగులా ఉంది. మెరుపు లేని నలుపు దేనితో తెచ్చుకున్నారు?

ఇలాంటివి చేత్తో వేసినవాళ్ళు చెప్పండి, దయచేసి. రెండో బోర్డుకి తెల్లపూత వేసి ఉంచాను, ఇంకా గీతలు గీయలేదు.